246 దగ్గర ఎందుకు ఆగింది? ప్రధాన సంఖ్యల జల్లెడకు అడ్డున్న రెండు గోడలు

క్లుప్తంగా: రెండే తేడాతో ఉన్న ప్రధాన సంఖ్యల జతలు (కవలలు) అనంతమా అన్న సమస్యలో, ఇంతవరకు నిరూపించగలిగిన అతి చిన్న తేడా 246. ఆ అంకె 2014 నుంచి కదలలేదు. కంప్యూటర్లు ఇంకా వేగం పుంజుకుంటే అది 2కి దిగుతుందని చాలామంది అనుకుంటారు. అలా దిగదు. గుణిజాలను కొట్టేస్తూ ప్రధాన సంఖ్యలను ఏరే జల్లెడ పద్ధతికి రెండు వేర్వేరు హద్దులున్నాయి. ఒకటి, ప్రధాన సంఖ్యలు శేషాల మధ్య ఎంత సమంగా పంచుకుని ఉంటాయో మనం నిరూపించగలిగిన మేర. అది మన ఎరుకకున్న హద్దు కనుక కష్టపడితే జరుగుతుంది. రెండోది, కారణాంకాల లెక్క సరో బేసో జల్లెడకు కనపడకపోవడం. అది జల్లెడ పుట్టుకలోనే ఉంది. 246 నుంచి 6 దాకా ఉన్న దూరం మొదటి హద్దు వల్ల, 6 నుంచి 2 దాకా ఉన్నది రెండో దాని వల్ల.

## 7 కోట్లు, 600, 246... ఆ తర్వాత?

3–5, 11–13, 17–19, 29–31. రెండే తేడాతో ఉన్న ఇలాంటి ప్రధాన సంఖ్యల జతలను కవలలు అంటారు. అవి అనంతంగా ఉన్నాయా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. 2013లో యీటాంగ్ ఝాంగ్ తెచ్చిన ఫలితం ఈ సమస్యను పత్రికల మొదటి పేజీకెక్కించింది. సంఖ్యల్లో ఎంత దూరం వెళ్లినా, 7 కోట్లకు మించని తేడాతో ఉన్న ప్రధాన సంఖ్యల జతలు తగులుతూనే ఉంటాయని ఆయన నిరూపించారు. 7 కోట్లు పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. కానీ అంతకు ముందు అక్కడ ఎంత పెద్ద అంకె పెడతానన్నా నిరూపణ ఉండేది కాదు.

అదే ఏడాది పాలీమ్యాత్ పేరుతో జరిగిన ఉమ్మడి ప్రయత్నం ఆ అంకెను 4,680కి దించింది. నవంబరులో జేమ్స్ మేనార్డ్ మరో దారిన 600 చూపించారు. టెరెన్స్ తావో విడిగా అదే దారికి చేరుకున్నారు. 2014లో అది 246 అయింది, అక్కడితో ఆగింది. ఏడాదిలోపే 7 కోట్ల నుంచి మూడంకెలకు పడిపోయిన లెక్క తర్వాత ఒక్క మెట్టయినా దిగకపోవడం చూసి, అందరూ వదిలేశారేమో అనుకునే అవకాశం ఉంది. వదిలేయలేదు. ఆగడానికి కారణం జల్లెడ పనిచేసే తీరులోనే ఉంది.

## వందలోపు ఒకసారి జల్లెడ పడితే

వంద దాకా సంఖ్యలు రాసుకుని 2, 3, 5, 7ల గుణిజాలు కొట్టేయడం అందరూ బడిలో చేసిన పనే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు ఎరటోస్తనీస్ పేరు మీద ఉన్న జల్లెడ అది. ఒక్కొక్కటీ కొట్టేయకుండా, చివరికి ఎన్ని మిగులుతాయో మాత్రమే లెక్కగట్టాలంటే ఏం చేయాలి?

100లోంచి 2 గుణిజాలు 50, 3వి 33, 5వి 20, 7వి 14 తీసేయాలి. మొత్తం 117. అయితే 6, 10, 14 లాంటివి రెండేసిసార్లు పోయాయి. అందుకని రెండేసి ప్రధానాల ఉమ్మడి గుణిజాలను, అంటే 16, 10, 7, 6, 4, 2 కలిపి 45ను, వెనక్కి ఇవ్వాలి. అప్పుడు 30, 42, 70ల గుణిజాలు ఎక్కువసార్లు తిరిగి వచ్చాయి. వాటి 3, 2, 1 కలిపి 6 మళ్లీ తీసేయాలి. 100 − 117 + 45 − 6 = 22. అందులో 1ని పక్కన పెడితే 21. జల్లెడ పట్టిన 2, 3, 5, 7లను కలిపితే 25. వందలోపు ప్రధాన సంఖ్యలు సరిగ్గా అన్నే.

ఇక్కడ లెక్కలో ఉన్నవి 16 పదాలే. పరిధి 10,000 అయితే 100లోపు ఉన్న 25 ప్రధానాలతో జల్లెడ పట్టాలి, పదాలు 3,35,54,432 అవుతాయి. 100ను 3తో భాగిస్తే వచ్చే 33.33ను 33 అనుకున్నట్టే ప్రతి పదంలోనూ ఒకటికి లోపు చిన్న తేడా దొర్లుతుంది. 10,000లోపు ప్రధానాలు 1,229. అంత చిన్న జవాబు కోసం మూడు కోట్లకు పైగా చిన్న తప్పులను మోయాలి. పరిధి పెరిగేకొద్దీ తప్పులే జవాబును మింగేస్తాయి.

పోనీ తప్పుల్ని పట్టించుకోకుండా పాళ్ల లెక్కన పోతే? 100ను 1/2, 2/3, 4/5, 6/7లతో గుణిస్తే 22.86 వస్తుంది. అసలు లెక్క 22కు దగ్గరే. కానీ పరిధిని పెంచుకుంటూ పోతే ఈ పద్ధతి అసలు కంటే దాదాపు 12.3 శాతం ఎక్కువ చూపించే వైపు జరుగుతుంది. ఇలాంటి పాళ్ల లబ్ధం ఎంతో చెప్పే, 1874లో మెర్టెన్స్ నిరూపించిన సూత్రాన్ని, ఒక పరిధిలో సుమారు ఎన్ని ప్రధానాలుంటాయో చెప్పే ప్రధాన సంఖ్యల సిద్ధాంతం పక్కన పెట్టి చూస్తే ఈ తేడా బయటపడుతుంది. పెద్ద ప్రధానాలు కొట్టేసే గుణిజాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా పడవన్న మాట. పరిధికి వర్గమూలం దాకా జల్లెడ పట్టే సమయానికి పాళ్ల లెక్క పట్టు తప్పుతుంది.

## బ్రూన్ ఉపాయం: లెక్కను మధ్యలో ఆపడం

నార్వేకు చెందిన విగ్గో బ్రూన్ 1915 నుంచి 1920 వరకు చేసిన పని ఈ పద్ధతికి కొత్త ప్రాణం పోసింది. తీసేయడం, కలపడం, మళ్లీ తీసేయడం అనే వరుసను చివరిదాకా లాగనక్కర్లేదన్నది ఆయన ఉపాయం. తీసేశాక ఆపితే వచ్చేది అసలు కంటే ఎక్కువ ఉండదు, కలిపాక ఆపితే తక్కువ ఉండదు. వంద ఉదాహరణలోనే చూడవచ్చు. 100 − 117 దగ్గర ఆపితే −17, 45 కలిపాక ఆపితే 28. అసలు జవాబు 22 ఈ రెండింటి మధ్యే ఉంది. కచ్చితమైన జవాబును వదులుకుంటే కింది హద్దు, పై హద్దు చేతికొస్తాయి, పదాల సంఖ్యా తగ్గుతుంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా జల్లెడ సిద్ధాంతం అంతా ఈ బేరం మీదే నడుస్తోంది.

ఈ ఉపాయంతో బ్రూన్ 1919లో కవల ప్రధానాల విలోమాలను కలుపుకుంటూ పోతే మొత్తం ఒక విలువ దగ్గర స్థిరపడుతుందని చూపించారు. అది సుమారు 1.902. ప్రధాన సంఖ్యలన్నిటి విలోమాల మొత్తమైతే ఏ హద్దూ లేకుండా పెరుగుతుంది. (ఈ 1.902ను ఇంకా సూక్ష్మంగా లెక్కగట్టే పనిలో ఉండగానే 1994లో థామస్ నైస్‌లీకి పెంటియం చిప్ భాగహారంలో ఉన్న తప్పు దొరికింది. శుద్ధ గణితం కంప్యూటర్ పరిశ్రమకు చేసిన అనుకోని మేలు అది.) 1920లో బ్రూనే, మహా అయితే తొమ్మిదేసి ప్రధాన కారణాంకాలున్న సంఖ్యల జతలు రెండే తేడాతో అనంతంగా ఉన్నాయని నిరూపించారు. తగినంత పెద్ద సరి సంఖ్య ఏదైనా అలాంటి రెండు సంఖ్యల మొత్తం అవుతుందనీ చూపించారు. 2 కంటే పెద్ద ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధానాల మొత్తమేనా అని అడిగే గోల్డ్‌బాక్ సమస్య చరిత్రలో దీన్ని '9+9' అంటారు. కావలసింది '1+1'.

## జల్లెడ శక్తిని తేల్చే మూడు అంకెలు

9+9 నుంచి ముందుకు సాగిన ప్రతి అడుగూ మూడు అంకెల మీద ఆధారపడింది. పత్రికల్లో కనిపించే 7 కోట్లు, 600, 246 లాంటివన్నీ ఈ మూడింటికి పై రూపాలే.

మొదటిది జల్లెడ డైమెన్షన్. ఒక్కో ప్రధాన సంఖ్య సగటున ఎన్ని శేషాల వరుసలను కొట్టేస్తుందో అది చెబుతుంది. ప్రధానాలను ఏరడానికి ఒక వరుస చాలు, డైమెన్షన్ 1. ఒక సంఖ్యనూ, దానికి 2 కలిపిన సంఖ్యనూ ఒకేసారి జల్లెడ పట్టాలంటే రెండు వరుసలు పోవాలి, డైమెన్షన్ 2. రెండు వర్గాల మొత్తంగా రాయగల సంఖ్యలను ఏరేటప్పుడు 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానాలకే పని ఉంటుంది. ప్రధానాల్లో అవి సగం కనుక డైమెన్షన్ అర.

రెండోది వడపోత నిష్పత్తి. ఎంత పెద్ద భాజకం దాకా గుణిజాల లెక్కను నమ్మవచ్చు, ఎంత పెద్ద ప్రధానం దాకా జల్లెడ పడుతున్నాం అన్నవాటి సంవర్గమానాల నిష్పత్తి ఇది. నమ్మకం 10,00,000 దాకా ఉండి, జల్లెడ 1,000 దాకా పడితే, సున్నాల లెక్కన 6ను 3తో భాగించి 2 అనుకోవచ్చు. జల్లెడ 100 దాకానే పడితే నిష్పత్తి 3. జల్లెడ లోతు పెరిగేకొద్దీ నిష్పత్తి తగ్గుతుంది.

డైమెన్షన్ 1కి ఈ నిష్పత్తి పూర్తి కథ చెప్పేస్తుంది. 1965లో యుర్కాట్, రిఖెర్ట్ ప్రచురించిన సూత్రాల ప్రకారం, నిష్పత్తి 4 ఉంటే మిగిలే సంఖ్యలు పాళ్ల లెక్కకు 0.978 రెట్ల నుంచి 1.022 రెట్ల మధ్య ఉంటాయి. జల్లెడ దాదాపు కచ్చితంగా కొలుస్తోందన్న మాట. నిష్పత్తి 3కు వస్తే హద్దులు 0.823, 1.187. మసక మొదలైంది. 2 దగ్గర పై హద్దు 1.781, కింది హద్దు సున్నా. ఒక్క సంఖ్యయినా మిగులుతుందన్న హామీ అక్కడితో పోతుంది. ఈ 2నే డైమెన్షన్ 1కి వడపోత హద్దు అంటారు. దీన్ని ఎంత తెలివైన జల్లెడా మెరుగుపరచలేదు. డైమెన్షన్ అర అయితే హద్దు 1. డైమెన్షన్ 2కు డైమండ్, హాల్బర్‌స్టామ్, రిఖెర్ట్‌ల జల్లెడ ఇచ్చేది 4.2664, అంతకుముందు సెల్బెర్గ్ పద్ధతి మీద వచ్చింది 4.42. డైమెన్షన్ 1 దాటాక సాధ్యమైన అతి తక్కువ హద్దు కచ్చితంగా ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నిష్పత్తి 2 అంటే సరిగ్గా పరిధి వర్గమూలం దాకా జల్లెడ పట్టడమే. ప్రధాన సంఖ్యలు మిగలాలంటే వెళ్లవలసింది అక్కడికే. గడప దాకా తీసుకొచ్చి జల్లెడ చెయ్యి వదిలేస్తుంది. వెంట్రుకవాసి ముందు ఆగితే మాత్రం మిగిలిన ప్రతి సంఖ్యకూ మహా అయితే రెండు ప్రధాన కారణాంకాలుంటాయి. ఒకటా, రెండా అన్నది జల్లెడ చెప్పదు.

## ఎందుకు చెప్పదు? సరి–బేసి అంధత్వం

దీని వెనక ఉన్న కారణాన్ని 1940ల చివర్లో ఆట్లే సెల్బెర్గ్ పసిగట్టారు. పారిటీ సమస్య అనే పేరు దానికే.

1 నుంచి 100 దాకా సంఖ్యలను రెండు గుంపులు చేద్దాం. ప్రధాన కారణాంకాలను విడివిడిగా లెక్కపెడితే సరి సంఖ్యలో ఉన్నవి ఒక గుంపు, బేసి సంఖ్యలో ఉన్నవి ఇంకో గుంపు. 12 అంటే 2×2×3, మూడు కారణాంకాలు, బేసి. 35 అంటే 5×7, సరి. కారణాంకాలే లేని 1 సరి గుంపులోకి వస్తుంది. వందలో సరివి 49, బేసివి 51. వెయ్యి దాకా వెళ్తే 493, 507. పది లక్షల దాకా వెళ్తే 4,99,735, 5,00,265. పరిధి పెరిగేకొద్దీ రెండూ సగం సగానికి దగ్గరవుతాయి. మొత్తమే కాదు, 3 గుణిజాలు, 7 గుణిజాలు, 30 గుణిజాలు అని ఏ గుంపుగా తీసినా పెద్ద పరిధిలో అవి ఈ రెండింటి మధ్య సమంగానే చీలుతాయి.

జల్లెడకు అందే సమాచారం ఒక్కటే, ఏ భాజకానికి ఎన్ని గుణిజాలున్నాయన్నది. ఆ సమాచారంలో ఈ రెండు గుంపులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. కానీ ప్రధాన సంఖ్యలన్నీ బేసి గుంపులోనే ఉన్నాయి, ఒక్కొక్క దానికి ఒకే కారణాంకం కనుక. సరి గుంపులో ఒక్కటీ లేదు. బేసి గుంపుకు 'ప్రధానాలున్నాయి' అని జల్లెడ హామీ ఇస్తే, అదే సమాచారం ఉన్న సరి గుంపుకూ ఆ హామీ ఇవ్వాలి. అక్కడ ఉన్నవి సున్నా. అందువల్ల కింది హద్దు ఎప్పటికీ సున్నాను దాటలేదు. పై హద్దుకూ ఇదే గతి. బేసి గుంపులో సగం సంఖ్యలే ఉన్నా ప్రధానాలన్నీ ఉన్నాయి. అంటే తన వాటాకు రెట్టింపు. కాబట్టి జల్లెడ ఇచ్చే పై హద్దు అసలు లెక్కకు రెట్టింపు కంటే తగ్గదు. పైన చూసిన 1.781ని మెర్టెన్స్ సూత్రంతో కలిపి గుణిస్తే పెద్ద పరిధిలో సరిగ్గా ఆ రెట్టింపే వస్తుంది. జల్లెడ తయారీలో లోపం లేదు. దానికి అందే సమాచారమే అంతవరకు.

## మూడో అంకె: సగం దగ్గర గీసిన గీత

వరుసగా ఉన్న సంఖ్యలను జల్లెడ పడితే గుణిజాల లెక్క దాదాపు పరిధి మొత్తానికీ నమ్మదగినదే. కానీ జల్లెడలో పోసేవి ప్రధాన సంఖ్యలకు 2 కలిపిన సంఖ్యలైతే? అప్పుడు కావలసింది ప్రధానాలు శేషాల మధ్య ఎంత సమంగా పంపిణీ అయ్యాయన్న సమాచారం. ఎంత పెద్ద భాజకం దాకా ఆ సమత సగటున నిజమో, దాన్ని పరిధికి ఘాతంగా రాస్తే వచ్చేది పంపిణీ స్థాయి. 1965లో బాంబియెరి, ఎ. ఐ. వినోగ్రాదోవ్ విడివిడిగా దీన్ని 1/2 దాకా నిరూపించారు. 1968లో ఎలియట్, హాల్బర్‌స్టామ్ ఇది 1కి ఎంత దగ్గరగానైనా వెళ్తుందని ఊహించారు. 1/2కూ 1కీ మధ్య ఉన్న ఆ చీకటి ప్రదేశం మీదే అర్ధ శతాబ్దంగా పని జరుగుతోంది.

ఈ అంకె ఫలితాన్ని ఎలా మారుస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు. స్థాయి 1/2, వడపోత హద్దు 2. కనుక పరిధికి 1/4 ఘాతం అంచు దాకా జల్లెడ పట్టవచ్చు. మిగిలిన సంఖ్యలకు అంతకంటే చిన్న కారణాంకాలుండవు, కాబట్టి ఒక్కోదానికి నాలుగుకు మించి కారణాంకాలు పట్టవు. ఉట్టి జల్లెడతో వచ్చేది '1+4'. అక్కడి నుంచి చైనా గణితవేత్త ఛెన్ జింగ్‌రున్ 1966లో '1+2' సాధించినట్టు ప్రకటించి, 1973లో పూర్తి నిరూపణ ప్రచురించారు. జల్లెడ ఒకసారి పట్టాక, మూడు కారణాంకాలతో మిగిలిపోయిన అనవసరపు సంఖ్యల వైపు నుంచి రెండోసారి జల్లెడ పట్టి వాటిని తీసేయడం ఆయన పద్ధతిలో కీలకం. ఎలియట్–హాల్బర్‌స్టామ్ ఊహ మొత్తం నిజమైతే స్థాయి 1కి చేరి, ఛెన్ ఉపాయం లేకుండానే 1+2 వచ్చేస్తుంది. అయినా 1+1 రాదు. పంపిణీ స్థాయిని ఆకాశానికెత్తినా పారిటీ గోడ కదలదని ఇక్కడే తెలిసిపోతుంది.

## 1/7 దశాంశాల్లోనూ అదే పావు

ఈ 1/4 అనే హద్దు పట్టింపు ఎంత సూక్ష్మమో చూపే ఉదాహరణ ఒకటి గుంటూరులో పుట్టిన కెనడా గణితవేత్త ఎం. రామ్ మూర్తి పనిలో ఉంది. 1ని 7తో భాగిస్తే 0.142857 అని ఆరంకెలు తిరిగి తిరిగి వస్తాయి. 7లోంచి 1 తీసేస్తే 6, అంటే సాధ్యమైనంత పొడవైన చక్రం. 17కు 16 అంకెల చక్రం. 13కు మాత్రం 12 కాక 6 అంకెలే (0.076923). 7, 17 లాగా పూర్తి చక్రం ఉన్న ప్రధానాలు అనంతమని 1927లో ఎమిల్ ఆర్టిన్ ఊహించారు. 10కే కాక 2, 3, 5 లాంటి ఆధారాలకూ (అంటే పదుల బదులు వాటి లెక్కన భిన్నాలు రాసినా) ఇదే ఊహ వర్తిస్తుంది.

చక్రం పొడవు ఎప్పుడూ ప్రధానంలోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యకు భాజకమే. ఆ సంఖ్యకు చిన్న కారణాంకాలు చాలా ఉంటే చక్రం కుంచించుకుపోవడానికి దారులెక్కువ. 2ను మినహాయించి మిగిలినవన్నీ పెద్ద కారణాంకాలైతే దారులు మూసుకుపోతాయి. మూడు ఆధారాలను కలిపి చూసినప్పుడు, దాదాపు అన్ని ప్రధానాలకూ, వాటిని ఒకదానితో ఒకటి గుణిస్తూ పోతే వచ్చే వేర్వేరు శేషాలు సుమారు ఆ ప్రధానపు 3/4 ఘాతం మేర ఉంటాయి. మిగిలే లోటు 1/4 ఘాతానికి అటూ ఇటూ. కాబట్టి కారణాంకాలు 1/4 ఘాతాన్ని కొంచెమైనా దాటాలి. ఉట్టి జల్లెడ సరిగ్గా 1/4కు కొంచెం ఇవతల ఆగుతుంది! పంపిణీ స్థాయిని కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో సగం దాటించిన ఫూవ్రీ, ఇవానియెట్స్‌ల పని ఆ కాస్త ఖాళీని పూడ్చింది. 1984లో రాజీవ్ గుప్తా, రామ్ మూర్తి 13 సంఖ్యల జట్టులో కనీసం ఒకదానికి ఆర్టిన్ ఊహ నిజమని చూపించారు. కుమార్ మూర్తి తోడుగా అది 7 సంఖ్యలకు దిగింది. 1986లో హీత్-బ్రౌన్ 2, 3, 5లలో కనీసం ఒకటి చాలన్నారు. ఆ ఒక్కటీ ఏదన్నది నేటికీ తెలియదు.

## ఝాంగ్ దాటింది 1/584

2005లో గోల్డ్‌స్టన్, పింట్జ్, యిల్దిరిమ్ ఒక కొత్త ఏర్పాటు చేశారు. ఒక్క జతను పట్టుకోకుండా, కొన్ని స్థానాల గుత్తిని (ఉదాహరణకు 0, 2, 6) తీసుకుని, సంఖ్యల వెంట జరుపుకుంటూ పోతారు. తగిన తూకాలతో సగటు తీసినప్పుడు గుత్తిలో పడే ప్రధానాల సంఖ్య 1 దాటితే, ఎక్కడో అక్కడ కనీసం రెండు పడి తీరాలి. పంపిణీ స్థాయి సగాన్ని ఏ కొంచెం దాటినా ఈ లెక్క పారుతుంది. సరిగ్గా సగం దగ్గర పారదు.

ఝాంగ్ చేసింది ఆ కొంచెం దాటడమే. 1/2కు 1/584 కలిపారు. అదీ అన్ని భాజకాలకూ కాదు, చిన్న చిన్న కారణాంకాలే ఉన్న భాజకాలకు. అలాంటి సంఖ్యలు ఎన్ని ఉంటాయన్న లెక్కకు 1949లో కచ్చితమైన నిరూపణలు ఇచ్చినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి ఒకరు. 1/584 అంత చిన్నది కావడంతో గుత్తిలో 35 లక్షల స్థానాలు కావలసి వచ్చాయి. అంత గుత్తిని పరిస్తే పట్టే వెడల్పే 7 కోట్లు. పాలీమ్యాత్ ఆ 1/584ను 7/300కి పెంచింది. 2023లో జూలియా స్టాడ్ల్‌మన్ 1/40కి తీసుకెళ్లారు.

మేనార్డ్ తూకాల ఏర్పాటునే మార్చేశారు. ఆయన పద్ధతిలో ప్రతి గుత్తికీ దాని స్థానాల సంఖ్యను బట్టి ఒక విలువ ఉంటుంది. స్థాయి 1/2 అయితే ఆ విలువ 4 దాటాలి, స్థాయి 1 అయితే 2 దాటితే చాలు. 105 స్థానాలకు విలువ 4.002. గుత్తి వెడల్పు 600. బాంబియెరి–వినోగ్రాదోవ్ చాలు, ఝాంగ్ ఫలితం అవసరమే లేదు. పాలీమ్యాత్ ఈ పద్ధతిని ఇంకా సాగదీసి 50 స్థానాలకు తెచ్చింది. అలాంటి గుత్తిని సర్దగల అతి తక్కువ వెడల్పు 246. ఆ విలువ స్థానాల సంఖ్యకు సంవర్గమానం లెక్కన నెమ్మదిగా పెరుగుతుంది కనుక, స్థాయి 1/2 దగ్గరే ఉన్నంతకాలం ఇక్కడ పిండుకోవడానికి మిగిలింది చాలా తక్కువ. కంప్యూటర్ల వల్ల ఒకటి రెండు మెట్లు దిగవచ్చేమో గానీ దూకుడు సాధ్యం కాదు.

స్థాయి 1 అయితే? ఎలియట్–హాల్బర్‌స్టామ్ ఊహను ఒప్పుకుంటే 5 స్థానాలతో విలువ 2 దాటుతుంది, తేడా 12కు దిగుతుంది. ఆ ఊహనే ఇంకా విస్తరించి ఒప్పుకుంటే 3 స్థానాలు చాలు, తేడా 6. రెండు స్థానాలకు మాత్రం మేనార్డ్ విలువ 1.386. కావలసిన 2కు చాలా దూరం.

## ముగ్గురు మనుషులు, రెండు రంగులు

6 దగ్గరే ఎందుకు ఆగుతుందో పారిటీతో సులువుగా అర్థమవుతుంది. ప్రతి సంఖ్యకూ రెండు రంగుల్లో ఒకటి వేద్దాం, కారణాంకాలు సరి అయితే ఒక రంగు, బేసి అయితే ఇంకొకటి. ఒక సంఖ్య, దానికి 2 కలిపిన సంఖ్య ఎప్పుడూ వేర్వేరు రంగుల్లో ఉండే జతలను మాత్రమే ఏరి జల్లెడలో పోశారనుకుందాం. జల్లెడ ఆ మోసాన్ని పసిగట్టలేదు. అక్కడ కవలలు ఒక్కటీ ఉండవు, ఎందుకంటే రెండూ ప్రధానాలైతే రెండూ బేసి రంగులోనే ఉండాలి.

ఇప్పుడు మూడు సంఖ్యలు తీసుకుందాం. ఒక సంఖ్య, దానికి 2, 6 కలిపినవి. (0, 2, 4 పనికిరావు. మూడింటిలో ఒకటి తప్పనిసరిగా 3 గుణిజం అవుతుంది.) ముగ్గురికి రెండే రంగులుంటే ఏ ఇద్దరికో ఒకే రంగు తప్పదు. ఆ ఇద్దరి మధ్య ప్రధానాల జత పడకుండా రంగుల మోసం ఆపలేదు. ఆ జత తేడా 2 కావచ్చు, 4 కావచ్చు, 6 కావచ్చు. ఏదన్నది చెప్పలేం కనుక హామీ ఇవ్వగలిగింది 6 మాత్రమే. మూడు స్థానాలకు జల్లెడ గెలవగలదు. రెండుకు గెలవలేదు.

## గోడ దాటిన చోట్లు

పారిటీ గోడను ఎవరూ దాటలేదనడం సరికాదు. 1998లో ఫ్రీడ్‌లాండర్, ఇవానియెట్స్ ఒక వర్గానికి ఒక నాలుగో ఘాతం కలిపితే వచ్చే సంఖ్యల్లో అనంతంగా ప్రధానాలున్నాయని నిరూపించారు. 2001లో హీత్-బ్రౌన్ ఒక ఘనానికి ఇంకో ఘనం రెట్టింపు కలిపిన సంఖ్యలకు అదే చూపించారు. 2024లో బెన్ గ్రీన్, మెహతాబ్ సాహ్నీ ఒక ప్రధాన సంఖ్య వర్గానికి ఇంకో ప్రధాన సంఖ్య వర్గం నాలుగు రెట్లు కలిపితే వచ్చే ప్రధానాలు కూడా అనంతమని ప్రకటించారు.

వీళ్లు జల్లెడకు అదనపు సమాచారం అందించారు. ఫలానా భాజకానికి ఎన్ని గుణిజాలన్న లెక్కతో ఆగకుండా, రెండు ఓ మాదిరి పెద్ద సంఖ్యల లబ్ధాలుగా విడిపోయే సభ్యులను విడిగా తీసి, వాటి మీద సరి–బేసి గుర్తులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయని నేరుగా నిరూపించారు. రంగుల మోసం అక్కడ పట్టుబడుతుంది. కానీ ఇది సాధ్యమైంది ఆ సంఖ్యల అంతర్నిర్మాణం వల్ల. వర్గాల మొత్తాలను గాస్ పూర్ణాంకాల్లో (−1 వర్గమూలాన్ని కూడా కలుపుకున్న పూర్ణాంకాల్లో) కారణాంకాలుగా విడదీయవచ్చు. లబ్ధం నిర్మాణం అక్కడ చేతికందుతుంది.

ఒక ప్రధానానికి 2 కలిపితే వచ్చే సంఖ్యకు అలాంటి పట్టు ఇంతవరకు దొరకలేదు. వర్గానికి 1 కలిపితే వచ్చే సంఖ్యల స్థితీ అదే. 1978లో ఇవానియెట్స్ వాటిలో మహా అయితే రెండు ప్రధాన కారణాంకాలున్నవి అనంతమని చూపించారు, ఆ లెక్క ఇప్పటికీ రెండు దగ్గరే ఉంది. రేపు ఎవరైనా 246ను తగ్గించామని ప్రకటిస్తే ముందుగా చూడవలసింది వాళ్లు సగం దాటించిన పంపిణీ స్థాయి ఎంత, ఏ భాజకాలకు అన్నది. 2కు చేరామని ప్రకటిస్తే మాత్రం స్థాయి గురించి అడిగి లాభం లేదు. అక్కడ వెతకవలసింది, ఒక సంఖ్య కారణాంకాల సరి–బేసినీ దానికి 2 కలిపిన సంఖ్య సరి–బేసినీ విడదీసి చూసే మెలకువ ఆ నిరూపణలో ఏ పేజీలో ఉందన్నది.